మేక పుర్రె చెప్పిన సాక్ష్యం

ఈ వారం ఎపిసోడ్ పూర్తి పాఠం ఇది. డ్యూటీలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే వీలు లేనివాళ్ళ కోసం, నెట్ సరిగ్గా రాని మజ్రాల్లో ఉన్నవాళ్ళ కోసం మాట్లాడింది మాట్లాడినట్టే రాసి పెడుతున్నాం.

  ఎప్పుడూ ఇకామా, జీతం, టికెట్ ఇవే మాట్లాడుకుంటాం కదా, ఈ రోజు కొంచెం వేరే ముచ్చట. పుర్రెల గురించి. నవ్వకండి. ఒక మేక పుర్రె నాకు ఒక నెల జీతం తిరిగి ఇప్పించింది. ఆ కథతోనే మొదలుపెడతా.

నేను 2005లో హాయిల్ దిక్కు వచ్చా. వీసా మీద డ్రైవర్ అని ఉంది. దిగినాక చేతిలో కర్ర పెట్టారు. మనోళ్ళలో చాలామందికి ఈ కథ తెలిసిందే, కొత్తగా చెప్పేదేం లేదు. మంద పెద్దదే. నల్లటి ఒళ్ళు, పొడుగు చెవుల అర్ది మేకలు, తెల్ల తల నల్ల ఒళ్ళు ఉండే నజ్ది గొర్లు. మా తాత ఊళ్ళో గొర్లు కాసినోడే కాబట్టి నాకు పని కొత్త కాదు. ఎడారి కొత్త.

ఒక రోజు పొద్దున లెక్క పెడితే ఒక మేక తక్కువ. ఎడమ కొమ్ము సగం విరిగిన మేక. రెండు రోజులు వెతికా, దొరకలేదు. కఫీల్ వచ్చాడు. 'నువ్వే ఎవరికో అమ్ముకున్నావ్' అన్నాడు. ఆ నెల జీతం ఆపేశాడు. అప్పుడు నా జీతం 500 రియాళ్ళు. ఊళ్ళో వీసా కోసం తెచ్చిన అప్పుకి వడ్డీ నడుస్తోంది. డబ్బులు పోవడం ఒక బాధ, దొంగ అనిపించుకోవడం ఇంకో బాధ. రెండోదే ఎక్కువ బాధ.

మా మందకు కొంచెం దూరంలో ఒక షేబా ఖేమా వేసుకుని ఉండేవాడు. షేబా అంటే తెలుసు కదా, ముసలాయన. వయసులో ఉన్నప్పుడు పెద్ద వేటగాడట. సలూకీ కుక్కలు ఉండేవి ఆయనకు. నా సంగతి విని, 'సదీక్, ఎక్కు' అని వానెట్‌లో ఎక్కించుకుని రాళ్ళగుట్టల దిక్కు తీసుకెళ్ళాడు. అక్కడ ఒక రాతి సందు ముందు బొక్కలే బొక్కలు. ఒంటెవి, గొర్రెవి, గాడిదవి. అందులో ఒక పుర్రె. ఎడమ కొమ్ము సగమే ఉంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ కఫీల్ నమ్మలేదు. 'విరిగిన కొమ్ము పుర్రె ఏదైనా దొరుకుతుంది, ఎక్కడిదో తెచ్చావ్' అన్నాడు. అప్పుడు షేబా ఆ పుర్రెను చేతిలోకి తీసుకుని మూడు విషయాలు చూపించాడు.

మొదటిది, విరిగిన చోట కొమ్ము లోపలి బొక్క. దాని అంచు గరుకుగా లేదు, నున్నగా మానిపోయి ఉంది. అంటే కొమ్ము బతికుండగానే ఎప్పుడో విరిగింది, చచ్చాక కాదు. రెండోది, కింది దవడ. ముందు పళ్ళలో నడిమి నాలుగు పెద్దవి, పక్కవి ఇంకా చిన్న పాలపళ్ళు. అంటే రెండేళ్ళ చిల్లర వయసు. ఆ మేక పుట్టిన చలికాలం కఫీల్‌కే గుర్తుంది, లెక్క సరిపోయింది. మూడోది, పుర్రె పక్కనున్న కాలి బొక్కలు. వాటి చివరలు నమిలేసి ఉన్నాయి, నడుమ పగలగొట్టి మూలుగు తినేసినట్టుంది. 'ఇది కత్తి పని కాదు. ఇది దబుఅ పని' అన్నాడు. దబుఅ అంటే హైనా. 'చంపింది తోడేలో, రోగమో నేను చెప్పలేను. ఇక్కడికి మోసుకొచ్చింది మాత్రం దబుఅ. ఈ పిల్లవాడు కాదు.'

కఫీల్ నాకు క్షమాపణ చెప్పలేదు. కానీ జీతం ఇచ్చాడు. ఆ రోజు నుంచి సాయంత్రం పూట ఆ షేబా దగ్గర కూర్చునేవాణ్ణి. గహ్వా తాగుతూ ఆయన వేటగాళ్ళ చదువు చెప్పేవాడు. తర్వాత రియాద్ వచ్చి డ్రైవర్ పనిలో చేరాక, ఫోన్‌లో, పుస్తకాల్లో సైన్స్ వాళ్ళు ఏం చెప్తున్నారో చదువుకున్నా. రెండూ కలిపి మీకు చెప్తున్నా.

ముందు పళ్ళ సంగతి. మా తాత గొర్రె నోరు తెరిచి 'రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది' అనేవాడు. అరబ్బులూ అదే చేస్తారు. నడిమి రెండు పాలపళ్ళు ఊడి పెద్దవి వస్తే థనీ, తర్వాతి రెండూ వస్తే రబాఅ. బక్రీదుకి జంతువు కొనేటప్పుడు థనీ అయిందా అని అడిగేది అందుకే. మేకకు అది ఏడాది దాటితే, ఒంటెకు అయిదేళ్ళు నిండితే. మా తాతకు అరబ్బీ రాదు, షేబాకు తెలుగు రాదు. ఇద్దరూ ఒకే పుస్తకం చదివారు. ఆ పుస్తకం గొర్రె నోరు.

ఇప్పుడు మీరు ఒక పని చేయండి. ఈసారి తలకాయ కూర వండేటప్పుడు మేక పై దవడ ముందు భాగం చూడండి. పళ్ళు ఉండవు. గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. గొర్రెకూ అంతే, ఆవుకూ అంతే, బర్రెకూ అంతే, జింకకూ అంతే. మరి ఒంటె? పెద్ద ఒంటె పై దవడలో ముందు వైపు పళ్ళు ఉంటాయి, కోరపళ్ళు కూడా ఉంటాయి. ఒంటె కరిస్తే ఎలా ఉంటుందో కాసినవాళ్ళను అడగండి. ఒంటె కూడా నెమరు వేస్తుంది, కానీ ఆవుకి కడుపులో నాలుగు గదులుంటే దీనికి మూడే. కాలికి గిట్ట బదులు మెత్తటి పాదం. నెమరు వేస్తుంది కదా అని ఆవు చుట్టం అనుకుంటాం. కానీ దీని వంశం ఎప్పుడో విడిపోయింది. దీని దగ్గరి చుట్టాలు దక్షిణ అమెరికా కొండల్లో ఉండే లామాలు. ఒంటె పూర్వీకుల పాత బొక్కలు దొరికింది ఉత్తర అమెరికాలో. అంటే అరేబియా ఎడారికి గుర్తుగా నిలిచిన ఈ జంతువు కూడా ఒకప్పుడు వలస వచ్చిందే. మనలాగే.

రెండోది కొమ్ముల సంగతి. తెలంగాణ రాష్ట్ర జంతువు జింక, అంటే చుక్కల జింక. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. పేరు చూస్తే అన్నదమ్ములు అనిపిస్తుంది. పుర్రె చూస్తే కాదు. చుక్కల జింక మగదానికి కొమ్మలు కొమ్మలుగా చీలిన కొమ్ములుంటాయి. అవి వట్టి బొక్క. ఊడిపోయి మళ్ళీ కొత్తవి మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ము అలా కాదు. లోపల పుర్రెలోంచే మొలిచిన బొక్క, దాని మీద మన గోరు లాంటి పదార్థంతో తొడుగు. అది ఊడదు, చీలదు, ఒకసారి విరిగితే విరిగినట్టే. మా మేక కొమ్ములాగ. కాబట్టి కృష్ణజింక పేరుకి జింకే గానీ, వంశం చూస్తే మేకలు, గొర్లు, ఆవులు ఉన్న ఇంటిది.

సౌదీలో రీమ్ అని, ఇద్మీ అని పిలిచే గజెల్‌లు ఉన్నాయి కదా, వాటి కొమ్ములూ ఈ రకమే. మన కృష్ణజింకకు అవి చాలా దగ్గరి చుట్టాలు. ఎడారిలో గజెల్ కనబడితే మన వైపు పొలాల్లో తిరిగే కృష్ణజింక చుట్టం కనబడిందనుకోండి.

మూడోది హైనా. మా మేకను మోసుకుపోయిన జంతువు. సౌదీలో ఉండే ఒంటి మీద చారల హైనా మన దగ్గర కూడా ఉంది. దానికి తెలుగులో ఎంత మంచి పేరో చూడండి, దుమ్ములగొండి. దుమ్ము అంటే మట్టి ధూళి ఒక్కటే కాదు, పాత తెలుగులో ఎముక కూడా. మా దిక్కు బొక్క అంటాం, ఆంధ్ర వైపు ఎముక అంటారు. పేరు పెట్టినవాళ్ళు ఆ జంతువు ఏం చేస్తుందో బాగా చూసి పెట్టారు.

చూడ్డానికి కుక్కలా ఉంటుంది. కానీ షేబా ఒకసారి తోడేలు పుర్రె, దబుఅ పుర్రె పక్కపక్కన పెట్టి 'పళ్ళు లెక్కపెట్టు' అన్నాడు. తోడేలుకు 42, మన ఊరి కుక్కకు కూడా 42. హైనాకు 34. పిల్లికి 30. తోడేలు పై దవడలో మాంసం కోసే పెద్ద పన్ను వెనకాల ఒక్కో పక్క రెండు నమిలే పళ్ళు ఉంటాయి. హైనాకు అక్కడ ఒక్కటే, అదీ చిన్నది. పిల్లికి కూడా అంతే. అయితే హైనా బుగ్గ పళ్ళు మాత్రం లావుగా, మొద్దుగా, బొక్క పగలగొట్టే సుత్తిలా ఉంటాయి. పుర్రె నడినెత్తిన ఎత్తుగా ఒక గట్టు ఉంటుంది. దవడ కండ పట్టుకునేది ఆ గట్టునే. సైన్స్ వాళ్ళు చెవి దగ్గరి బొక్కల అమరిక చూసి, తర్వాత డీఎన్‌ఏ చూసి తేల్చింది ఏంటంటే, హైనా కుక్కల ఇంటిది కాదు. పిల్లి, ముంగిస ఉన్న వైపుది. పరుగెత్తి తిరిగే బతుకు కాబట్టి కుక్క వేషం వచ్చింది.

ఈ దుమ్ములగొండి బొక్కలు మోసుకుపోయే అలవాటు సైన్స్‌కి ఎంత ఉపయోగపడిందో వినండి. మదీనాకు ఉత్తరాన ఖైబర్ దగ్గర నల్లరాళ్ళ ప్రాంతం ఉంది, హర్రత్ ఖైబర్. అక్కడ ఉమ్ జిర్సాన్ అని ఒక గుహ. ఒకప్పుడు లావా పారిన సొరంగం, కిలోమీటరున్నర పొడవు. లోపల లక్షల కొద్దీ బొక్కలు. 2021లో ఆ పరిశోధన బయటికి వచ్చింది. వాళ్ళు వాటిలో 1,917 బొక్కల్ని పరీక్షించారు. పశువులు, ఒంటెలు, గుర్రాలు, మేకలు, తోడేళ్ళు, మనుషుల పుర్రె పెంకులు కూడా ఉన్నాయి. వయసు చూస్తే దాదాపు 7,000 ఏళ్ళ కిందటి నుంచి కొన్ని వందల ఏళ్ళ కిందటి దాకా. వాటిని అక్కడ పోగుచేసింది ఎక్కువగా చారల హైనాలే అని తేల్చారు. ఎలా? బొక్కల మీది పంటి గాట్లు, నమిలేసిన చివరలు చూసి. మా షేబా నా మేక కాలి బొక్క మీద చూపించిన గుర్తులే అవి.

మన దగ్గర కూడా ఇలాంటి చోటు ఉంది. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు, అప్పటి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. 1884, 1885లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు అక్కడ తవ్వారు. దొరికిన బొక్కల్ని లిడెక్కర్ అనే శాస్త్రవేత్త పరీక్షించి పోల్చాడు. అందులో ఖడ్గమృగం బొక్కలు కూడా ఉన్నాయి. దానికి కర్నూలు పేరు మీదే రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టాడు. రాయలసీమలో ఖడ్గమృగం! కడప, కర్నూలు తమ్ముళ్ళు ఈ సంగతి రూములో చెప్పుకోండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. తాయిఫ్, అబహా దిక్కు కొండల్లో ఉన్నవాళ్ళు వబర్‌ను చూసే ఉంటారు. రాళ్ళ మీద ఎండ కాచుకుంటూ కూర్చుంటుంది. కుందేలంత ఉంటుంది, తోక కనబడదు, దూరం నుంచి చూస్తే మన పందికొక్కు అనుకుంటాం. ఇక్కడి వేటగాళ్ళు దాన్ని వేటాడి తినేవాళ్ళు. షేబా దాని పుర్రె చూపించి 'ఇది ఎలుక కాదు' అన్నాడు. ఏంటో మాత్రం ఆయనకూ తెలియదు.

పై దవడలో ముందు రెండు పళ్ళు పొడుగ్గా, మూడు పలకలుగా, కత్తిలా కిందికి వస్తాయి. అవి పెరుగుతూనే ఉంటాయి. కాలి వేళ్ళకు ఎలుక గోళ్ళు కాదు, చిన్న చిన్న గిట్టల్లాంటి గోళ్ళు. ముందు కాలికి నాలుగు, వెనక కాలికి మూడు. ఇంత చిన్న జంతువు ఏడు నెలల పైగా కడుపు మోస్తుంది. ఎలుకకైతే మూడు వారాలే. మగదాని వృషణాలు బయటికి కనబడవు, ఒంటి లోపలే ఉంటాయి. ఇవన్నీ కలిపి ఇంకెవరికి ఉన్నాయి? ఏనుగుకి. ఏనుగు దంతాలు అంటాం కదా, అవి కూడా ముందు పళ్ళే, కోరలు కావు. వబర్‌కి బతికున్న జంతువుల్లో దగ్గరి చుట్టాలు ఏనుగులు, సముద్రపు ఆవులు. డీఎన్‌ఏ పరీక్ష కూడా అదే చెప్పింది.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. ఫ్రాన్స్‌లో జార్జ్ కువియే అనే ఆయన ఉండేవాడు. ఒక బొక్క చూసి జంతువు ఏంటో చెప్పగలడని పేరు. వబర్ ఎలుక జాతి కాదని ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. కానీ దవడ పళ్ళు చూసి దీన్ని ఖడ్గమృగం పక్కన పెట్టాడు. నిజంగానే ఆ పళ్ళు ఖడ్గమృగం పళ్ళలా ఉంటాయి. ఆకు, గడ్డి నమిలే పని ఒకటే కాబట్టి అలా వచ్చాయి. అంత పెద్దాయన సగం దారిలో తప్పిపోయాడు.

ఇక్కడే అసలు పాఠం ఉంది, జాగ్రత్తగా వినండి. పోలికలు రెండు రకాలు. ఒకటి పని పోలిక, రెండోది పుట్టుక పోలిక. పదేళ్ళు ఎండలో పని చేసిన నేపాలీ తమ్ముడు, బంగ్లాదేశీ భాయ్, మన జగిత్యాల అన్న, ముగ్గురి చేతులూ ఒకేలా కాయలు కాసి ఉంటాయి. చేతులు చూసి ముగ్గురూ అన్నదమ్ములు అంటామా? అనం. పని అలా చేసింది. అదే మీ చిన్నాన్న కొడుకు ఏసీ ఆఫీసులో కూర్చున్నా, వాడి చెవి తమ్మెలో, కాలి వేలిలో మీ తాత కనబడతాడు. ఆ చెవికి, వాడు చేసే పనికి సంబంధం లేదు. చుట్టరికం వెతకాలంటే పనితో సంబంధం లేని చోట వెతకాలి. అదీ ఒక్క గుర్తుతో కాదు, నాలుగైదు గుర్తులు ఒకే మాట చెప్పాలి. కువియే ఒక్క గుర్తును ఎక్కువ నమ్మాడు. నా మీద నేరం మోపినప్పుడు కఫీల్ కూడా అంతే, ఒక మేక తక్కువ అన్న ఒక్క గుర్తు చూశాడు. షేబా మూడు చూశాడు.

ఇదే లెక్క మన దాకా కూడా వస్తుంది. తాయిఫ్, బాహా ఘాట్ రోడ్ల మీద బబూన్ కోతులు బండి అద్దం దగ్గరికి వచ్చి చెయ్యి చాపుతాయి. ఆ చేతి గీతలు, గోళ్ళు చూస్తే ఒక్క క్షణం ఏదోలా ఉంటుంది కదా. 2009లో మక్కాకు దగ్గర్లో హర్రత్ అల్ ఉజైఫా అనే చోట సౌదీ జియలాజికల్ సర్వే వాళ్ళతో పని చేస్తున్న ఇయాద్ జల్మూత్‌కి ఒక పుర్రె ముక్క దొరికింది. మూతి, పై పళ్ళు, నుదురు కొంత. వయసు 2 కోట్ల 80 లక్షల నుంచి 2 కోట్ల 90 లక్షల ఏళ్ళు. 2010లో ప్రపంచానికి చెప్పి, హిజాజ్ పేరు మీద సాదానియస్ హిజాజెన్సిస్ అని పేరు పెట్టారు.

దాన్ని ఎలా చదివారో చూడండి. చెవి రంధ్రం దగ్గర గొట్టంలాంటి బొక్క ఉంది. అది ఆసియా, ఆఫ్రికా కోతులకూ ఉంది, మనకూ ఉంది. నుదుటి బొక్కలో గాలి గది మాత్రం లేదు. మనకు, గొరిల్లాకు, చింపాంజీకి అది ఉంది. దుమ్ము తుఫాను వచ్చినప్పుడు నుదురు పట్టేసే సైనస్ అదే. అందుకే ఇది కోతుల దారి, వాలిడుల దారి, అంటే గొరిల్లా, చింపాంజీ, మనిషి ఉన్న దారి, రెండూ విడిపోక ముందటి ఇంటికి చాలా దగ్గరిది అన్నారు. ఆ పుర్రె మీద కూడా ఏదో మాంసం తినే జంతువు పంటి గాట్లు ఉన్నాయి. అది కూడా ఎవరికో ఆహారమైంది.

మన శ్రోతల్లో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. మనిషి పుట్టుక గురించి ఎవరి నమ్మకం వాళ్ళది, దాని మీద నేను వాదన పెట్టుకోను. కువియే కూడా ఒక జాతి మారి ఇంకో జాతి అవుతుందంటే ఒప్పుకోలేదు. అయినా ఆయన పుర్రెను పుర్రెలాగే చదివాడు. ఎదురుగా ఉన్నదాన్ని పక్షపాతం లేకుండా చూడటం, అంతే నేను చెప్పేది.

చివరగా ఒక జాగ్రత్త. ఇది విని ఎవరూ పుర్రెలు, కొమ్ములు ఏరుకుని రూముకి తెచ్చుకోవద్దు. చూడండి, ఫోటో తీసుకోండి, అక్కడే వదిలేయండి. సౌదీలో లైసెన్స్ లేకుండా వేట నేరం. అంతరించిపోతున్న జంతువుల్ని గానీ, వాటి కొమ్ము, చర్మం లాంటివి గానీ అమ్మినా కొన్నా 30 మిలియన్ రియాళ్ళ దాకా జరిమానా, 10 ఏళ్ళ దాకా జైలు ఉంది. కఫీల్ చెప్పాడు, స్నేహితుడు ఇచ్చాడు అంటే నడవదు. మన ఎయిర్‌పోర్టులో దిగినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది.

అదే 1972లో ఇంకోటి జరిగింది. అరేబియా ఓరిక్స్, తెల్లటి ఒళ్ళు, పొడుగాటి కొమ్ముల జంతువు. అడవిలో మిగిలిన చివరి వాటిని ఒమాన్‌లో ఆ ఏడాదే వేటాడేశారు. ఒంటె మీద వేటాడినన్నాళ్ళు అది తప్పించుకుంది, మోటారు బండి, తుపాకీ వచ్చాక తప్పించుకోలేకపోయింది. అదృష్టం ఏంటంటే అంతకు ముందే కొన్నిటిని అమెరికాలో ఫీనిక్స్ జూకి పంపి పెంచారు. వాటి సంతానాన్ని 1982లో ఒమాన్‌లో, 1990లో సౌదీలోని మహాజత్ అస్ సైద్‌లో మళ్ళీ ఎడారిలో వదిలారు. షేబా ఖేమాలో ఒక ఓరిక్స్ కొమ్ము వేలాడుతుండేది, వాళ్ళ నాన్న కాలానిది. 'దీని పళ్ళు ఎన్నో నేను చెప్పలేను, సదీక్. నేను పెద్దయ్యేసరికి తల పట్టుకుని చూడటానికి ఒక్కటి మిగల్లేదు' అన్నాడు. అన్ని జంతువులూ తెలిసిన మనిషి ఆ మాట అన్నప్పుడు గొంతు వేరేగా ఉంది.

ఆయన ఇప్పుడు లేడు. నేను రియాద్ వచ్చిన కొన్నేళ్ళకు పోయాడని తెలిసింది. ఆయన పేరు చెప్పడం వాళ్ళ ఇంటివాళ్ళకు ఇష్టం ఉంటుందో లేదో, అందుకే చెప్పట్లేదు.

మందలు కాస్తున్న తమ్ముళ్ళకు ఒక్క మాట. జంతువు తప్పిపోయినా, చచ్చినా, ఆ రోజే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. పళ్ళు, కొమ్ము, చెవి గుర్తు, పంటి గాట్లు, చుట్టూ ఉన్న అడుగులు, అన్నీ. తారీఖు దానంతట అదే పడుతుంది. నాకు షేబా దొరికాడు. అందరికీ దొరకడు. మీ సాక్ష్యం మీ దగ్గరే ఉండాలి.

ఉంటా మరి. వచ్చే వారం కలుద్దాం. ఎండలో పైలం.